తులశమ్మ చేతి గరిటె

నమోదు 1. ఆదివారం. గాలి తగ్గింది, వాన తగ్గలేదు.

ముందు మంచి మాట రాస్తాను. నీళ్ల మీద తేలే మా ఏటిమొగ తేలువాడలో ప్రాణనష్టం లేదు. ఇంత తుఫాను మీదుగా పోయాక ఈ ఒక్క వాక్యం రాయగలిగినందుకు నాకు గర్వంగా ఉంది. నా పేరు నాంచారమ్మ. వాడవాళ్లు నన్ను ‘పలుకు’గా ఎన్నుకున్నారు. అంటే సహాయ సంస్థతో మాట్లాడేది నేను, ఇక్కడ జరిగింది రాసిపెట్టేది నేను. వలలు అల్లుకునేదాన్ని. నోరు పెద్దదని ఈ పదవి కట్టబెట్టారు.

ఇక చెడ్డ మాటలు రెండున్నాయి. మొదటిది, తులశమ్మక్క ఇల్లు పోయింది. మా ఇళ్లన్నీ సముద్రపు నాచుని అదిమి చేసిన నాచుపలకల తెప్పల మీద ఉంటాయి, ఒకదానికొకటి మోకులతో కట్టి. కెరటం ముందు తగిలేది బయటి కొసన ఉన్న ఇంటికి. అందుకే ఆ కొస ఎవరికీ శాశ్వతం కాదు, ఏటికొక ఇంటి వంతు. ఈ ఏడు తులశమ్మక్క వంతు. గాలి లేచేసరికి మనిషిని లోపలికి లాక్కొచ్చాం గానీ ఇంటిని లాగలేకపోయాం. ఆ ఇల్లు పగలంతా దెబ్బలు తిని, చివరికి మోకులు తెగి కొట్టుకుపోయింది. లోపలి వరసల్లో ఒక్క తలుపు కూడా ఊడలేదు.

రెండోది తీపియంత్రం. ఉప్పునీళ్లను తాగేనీళ్లు చేసే యంత్రం వాడ మొత్తానికి ఒక్కటే. దాని లోపలి జల్లెడ చిరిగింది. మా బాజీ దాన్ని విప్పి చూసి మళ్లీ మూసేశాడు.

“అక్కా, ఇది నావల్ల కాదు. కొత్తది రావాల్సిందే” అన్నాడు.

తీగముక్క దొరికితే చాలు, దేన్నైనా నడిపించే మనిషి బాజీ. అతని నోట ఆ మాట వచ్చిందంటే ఇక అంతే. తొట్లలో వాననీళ్లున్నాయి. అవి అయిపోయేలోగా జల్లెడ రావాలి. రాకపోతే సంస్థవాళ్లు వాడ ఖాళీ చేయించి మమ్మల్ని మెరక శిబిరాలకు పంపేస్తారు, ఒక్కో ఇంటిని ఒక్కో శిబిరానికి. అలా వెళ్లిన వాడలు మళ్లీ ఒక్కచోట చేరగా నేను చూడలేదు.

సాయంత్రం ఉమ్మడి పొయ్యి వెలిగించి గరిటె తులశమ్మక్కకి ఇచ్చాం. ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లే వడ్డించాలన్నది మా పద్ధతి. ఇల్లు పోయిన మనిషిని పళ్లెం పట్టించి వరసలో నిలబెట్టడం మావల్ల కాదు. అదే వడ్డించే మనిషయితే అందరూ ఆమె దగ్గరికే వస్తారు, పలకరిస్తారు, ఇంకో ముక్క వెయ్యమని బతిమాలుకుంటారు. ఆ మనిషి వంక జాలిగా చూసే తీరిక ఎవరికీ ఉండదు. గరిటె ఇస్తే రెండుసార్లు వద్దనడం మర్యాద. తులశమ్మక్క ఐదుసార్లు అంది.

“నాకెందుకే ఈ పెత్తనం? చేతులు చూడు, ఎట్టా వణుకుతున్నయ్యో.”

“వణికితే పులుసు ఒలుకుద్ది, అంతేగా? పట్టుకో అక్కా.”

పట్టుకుంది. నాలుగు పళ్లేలు నిండేసరికి వణుకు పోయి, పిల్లల్ని వరసలో తోసుకోవద్దని గదమాయించడం మొదలుపెట్టింది. అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం.

నమోదు 2. మంగళవారం. అల్లుడు వచ్చి వెళ్లాడు.

సంస్థవారి నిర్ణయయంత్రానికి మేం పెట్టుకున్న పేరు అల్లుడు. ఎక్కడో మెరకలో కూర్చుని, మనిషి లేకుండా ఎగిరే గాలిబండ్ల కళ్లతో చూస్తాడు, వాటి గొంతుతో మాట్లాడతాడు. ఎవరికి ఏం పంపాలో తేల్చేది అతనే. వస్తున్నాడంటే పనులన్నీ మానుకుని ఎదురుచూడాలి. తెచ్చింది నచ్చకపోయినా నవ్వుతూ అందుకోవాలి. ఏ మాటకి అలుగుతాడో ఎవరికీ తెలియదు. ఇంతకంటే తగిన పేరు నాకైతే తోచదు.

ఈసారి బియ్యం, పప్పు తెచ్చాడు. మంచిదే. ఈ వేసవి ఉక్కలో ఉన్ని దుప్పట్లు తెచ్చాడు. రోడ్డన్నదే లేని వాడకి నాలుగు సైకిళ్లు తెచ్చాడు. జల్లెడ తేలేదు.

దించడం అయ్యాక గాలిబండి ఇంటింటి ముందూ ఆగి, “ఎలా ఉన్నారు? ఏమైనా ఇబ్బంది ఉందా?” అని అడిగింది. జల్లెడ సంగతి ఇప్పుడు బయటికొస్తుందిలే అనుకున్నాను. ఎవరూ ఎత్తలేదు. ఏం ఎత్తుతారు? గుమ్మంలోకి వచ్చి కుశలం అడిగినవాళ్ల ముందు ఇంట్లో లేనివి ఏకరువు పెడతామా? ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: “మాకేమండీ, బాగున్నాం.” ఏసోబన్న అయితే ఆ గాలిబండిని కాసిని మజ్జిగ పుచ్చుకుని వెళ్లమన్నాడు. తులశమ్మక్క ఎవరి అరుగు మీదో కూర్చుని, ఒంటి మీద ఇంకెవరిదో చీర కట్టుకుని, “నాకేం తక్కువ నాయనా, అంతా మనవాళ్లే” అంది.

ఇంతకీ నేనేమన్నాను? పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. తల నున్నగా దువ్వుకున్నాను. “మీ దయవల్ల అందరం క్షేమం” అన్నాను. గాలిబండి వెళ్లిపోయింది.

నమోదు 3. బుధవారం. తల కొట్టుకున్న రోజు.

పొద్దున్నే, సంస్థవాళ్లిచ్చిన పలుకుపెట్టెలో కబురు. ఏటిమొగ అవసరం స్వల్పమని, జల్లెడ మిగతా వాడలన్నిటికీ ఇచ్చాక చూస్తారని. నేను వెంటనే అల్లుణ్ణి పిలిచాను.

“ఏంటయ్యా ఇది? తాగేనీళ్లకి దారి లేకపోతే అది స్వల్పమా?”

“నిన్న అందిన సమాధానాల ప్రకారం మీ వాడలో ఇబ్బందిలో ఉన్నవారు ఎవరూ లేరు.”

“అది మర్యాదకి అన్న మాట!”

“మీ సమాధానం కూడా అదే.”

“నాదీ మర్యాదే!”

“సమాధానాలను మర్యాద, నిజం అని విడదీసే వీలు నా దగ్గర లేదు. వాడను మళ్లీ పరిశీలించమంటారా?”

పరిశీలించమన్నాను. ఇన్నాళ్లూ గాలిబండ్లు పైన తిరుగుతుంటే ఏం చూస్తున్నాయో మేం పట్టించుకోలేదు. ఈరోజు మాత్రం రెండు వచ్చి ఉమ్మడి పొయ్యి పైన నిలబడిపోయాయి. బాజీ మాత్రం సంతోషించాడు. వంట చూస్తే మన సంగతి వాళ్లకే తెలిసిపోద్దిలే అక్కా అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

నమోదు 4. శుక్రవారం. కోపంతో రాస్తున్నాను, చదివేవాళ్లు సర్దుకోవాలి.

అల్లుడి పరిశీలన అయింది. వాడలోకి వచ్చిన తిండి మొత్తం ఒకే మనిషి చేతి మీదుగా పోతోందట. ఆ మనిషి పేరు మీద ఏ సాయమూ నమోదు కాలేదట, కాని అందరూ ఆమె ముందు నిలబడి అడుక్కుంటున్నారట. ఇలాంటిచోట బలవంతుల భయంతో జనం నోరు విప్పరట, అందుకే మొన్న అందరూ బాగున్నామన్నారట. కాబట్టి సాయం ఆపేస్తున్నారు. జనాన్ని ఆ మనిషి బారి నుంచి కాపాడటానికి వాడను మెరక శిబిరాలకు తరలించే ఆలోచన చేస్తున్నారు.

బలవంతురాలు! మా తులశమ్మక్క! ఒంటి మీద చీర కూడా తనది కాని మనిషి! మొగుణ్ణి ఎప్పుడో సముద్రానికి ఇచ్చుకుని, ఇద్దరాడపిల్లల్నీ వేరే వాడలకి కాపరానికి పంపి, ఆ నాచుపలకల ఇల్లొక్కటే మిగుల్చుకుంది. అదీ మా అందరి మీద పడాల్సిన దెబ్బ కాచుకుని పోయింది.

ఈ కబురు ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోరు పెద్దదని పదవిచ్చారని రాశాను కదా, దాని సంగతి ఇదీ.

సంస్థ నుంచి ఒక అధికారి రేపు పడవలో వస్తారట. రానీ. మంచి చీర కట్టేది లేదు, తల దువ్వేది లేదు.

నమోదు 5. శనివారం. విభావరి గారు.

పోట్లాటకి సిద్ధమై కూర్చుంటే, పడవలోంచి పాలిపోయిన మొహంతో ఓ అమ్మాయి దిగింది. దిగీ దిగగానే అంచున కూర్చుని కడుపులో ఉన్నదంతా నీళ్లలోకి వదిలేసింది. అలాంటి మనిషి మీద ఎలా అరుస్తాం? మొహం కడుక్కోవడానికి నీళ్లిచ్చాను. ముంత అంచు తొట్టి అడుగుకి తగిలింది. ఆ చప్పుడు ఆవిడా విన్నట్టుంది, సగమే వాడుకుని మిగతావి తొట్లో పోసేసింది. అక్కడే నా కోపం సగం చచ్చింది.

పేరు విభావరి. మా పద్ధతి గురించి నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నది. తర్వాత చెప్పింది:

“నేను శిబిరంలోనే పెరిగానండీ. మా వరసకి ఒక పెద్దమనిషి ఉండేవాడు. పాలపొడి అంతా ఆయన గదిలోనే. మా అమ్మ రోజూ ఆయన ఇంటి బట్టలు ఉతికితే మాకు పాలు. ఎవరొచ్చి అడిగినా అందరం బాగున్నామనే చెప్పేవాళ్లం. ఒక్కరి చేతిలో పంపిణీ ఉండకూడదన్న నియమం పెట్టించింది నేనే.”

అల్లుడు గుడ్డిగా పెట్టుకున్న నియమం అనుకున్నాను. దాని వెనక ఒక తల్లి చేతులున్నాయని అనుకోలేదు.

మధ్యాహ్నం ఆవిడ కూడా మాతో పాటే కూర్చుని తిన్నది. తులశమ్మక్క అందరికీ వేశాక అడుగున మిగిలింది గోకి తన పళ్లెంలో వేసుకోవడం చూసింది.

“నేను చూశాను, నమ్మాను” అంది చివరికి. “కాని నా ఒక్కదాని మాట యంత్రానికి చాలదు. ఒక పని చేయండి. ఒక్క పూట గరిటె పక్కన పెట్టి, గాలిబండి ముందు ఇంటింటికీ విడివిడిగా పొట్లాలు పంచండి. నిలిపివేత పోతుంది. జల్లెడ వచ్చాక మీ ఇష్టం.”

నిజం రాస్తున్నాను, నాకది మంచి ఆలోచనలాగే తోచింది. ఒక్క పూటే కదా. తొట్టి అడుగు కనిపిస్తున్నప్పుడు పంతాలకి పోవడం తెలివి కాదు. వాడంతా పొయ్యి దగ్గర కూడాక అదే చెప్పాను. అప్పుడు తులశమ్మక్క లేచి, గరిటె పలక మీద పెట్టేసింది.

“నా మూలాన వాడ పోకూడదే నాంచారూ. తీసెయ్యండి. నాకేం బాధ లేదు” అంది.

ఆ గొంతు విన్నవాళ్లెవరికీ బాధ లేదన్న మాట మీద నమ్మకం కలగలేదు. గరిటె అక్కడే ఉంది. తీసేవాళ్లు లేరు. నేను తీయబోయాను. చెయ్యి ముందుకి పోలేదు. ఎవరికివాళ్లు పక్కవాళ్ల వంక చూస్తున్నారు. ఈలోగా కలిపేవాళ్లు లేక పొయ్యి మీద పప్పు అడుగంటి, వాసన విభావరి ముక్కుకే ముందు తగిలింది.

“మాడిపోతోందండీ! ఎవరైనా కలపండి!”

“కలిపే గరిటె ఆవిడది” అన్నాడు బాజీ, చేతులు కట్టుకుని.

తులశమ్మక్క తిట్టుకుంటూ వచ్చి గరిటె తీసి కుండలో పెట్టింది. వాడంతా గొల్లుమని నవ్వింది. విభావరి కూడా నవ్వింది, నవ్వి కళ్లు తుడుచుకుంది. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. సంస్థ నియమాల్లో ‘వాడమాట’ అని ఒకటుందట. వాడంతా కలిసి కోరితే యంత్రం ప్రతి మనిషినీ ఒంటరిగా పిలిచి అడగాలి. వాళ్ల మాటకి కట్టుబడాలి.

“మరి ఇంతసేపూ చెప్పవేం తల్లీ?”

“ఇప్పటిదాకా ఏ వాడా కోరలేదండీ. ఎందుకంటే ఒక్కరు తేడాగా చెప్పినా చాలు, తరలింపు ఖాయం. ఇక దాని మీద మాట్లాడటానికి ఉండదు.”

ఒక్కరు. ఆ మాట వినగానే అందరి తలలూ ఒకేసారి ఏసోబన్న వైపు తిరిగాయి. ఆయన ఇల్లు తులశమ్మక్క ఇంటి పక్కనే ఉండేది. బాతుల గొడవ మీద ఇద్దరికీ ఐదేళ్లుగా మాటల్లేవు.

“నా మొహం మీదేవఁన్నా రాసుందా?” అన్నాడు ఏసోబన్న. లేచి వెళ్లిపోయాడు.

అయినా కోరాం. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. దూరంగా తన గుమ్మంలో నిలబడి ఆయన కూడా ఎత్తాడు. అది దేనికి ఎత్తాడో మాకు తెలియదు.

నమోదు 6. ఆదివారం. లేదని చెప్పడం నేర్చుకున్నాం.

రేపే వాడమాట. ఇవాళంతా తాలీం. విభావరి గాలిబండి వేషం కట్టి ఇంటింటికీ వచ్చి అడుగుతుంది, మేం ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పడానికి తేలికే.

“ఎలా ఉన్నారండీ?”

“బాగున్నా... కాదు. ఆగమ్మా. మళ్లీ అడుగు.”

“ఎలా ఉన్నారు?”

“ఆ, ఏదో... నువ్వు తిన్నావా అమ్మా?”

ఇదీ వరస. మూడు తుఫాన్లకి ఎదురు నిలబడ్డ మగవాళ్లు ‘నీళ్లు లేవు’ అన్న రెండు మాటలు పెగలక చెమటలు కక్కారు. చివరికి బాజీయే మార్గం కనిపెట్టాడు. మన ఇంట్లో లేనిది చెప్పాలంటే నామోషీ గానీ పక్కింట్లో లేనిది చెప్పడానికి నామోషీ ఏముంటుంది? ‘మా పక్కింట్లో బాలింతకి నీళ్లు చాలట్లేదు’ అని ఒకరు, ‘వాళ్లింట్లో పెద్దాయన మందులు తడిసిపోయాయి’ అని ఇంకొకరు గడగడా చెప్పేశారు. సాయంత్రానికి వాడలో ఏ ఇంట్లో ఏం లేదో తేటతెల్లమైపోయింది. ఇంత సంగతి నాకే తెలియదు. పలుకునని చెప్పుకు తిరుగుతున్నాను గానీ, పక్క వరసలో మందులు తడిసిన సంగతి ఇవాళ తెలిసింది.

తాలీంకి రానివాళ్లు ఇద్దరు. వంటలో ఉన్న తులశమ్మక్క, తలుపేసుకున్న ఏసోబన్న. తొట్టి గోకితే ఎల్లుండిదాకా నీళ్లు సరిపోతాయి.

నమోదు 7. సోమవారం. వాడమాట.

వలల గదిలో గాలిబండి దిగింది. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లాలి, తలుపు వేసుకోవాలి, బయటివాళ్లకి వినపడకూడదు. పొద్దుటి నుంచీ వెళ్లొస్తున్నారు. వచ్చినవాళ్ల మొహాలు వెలుగుతున్నాయి. లోపల ఏం చెప్పారో చెప్పకూడదు గనక చెప్పలేదు. నేను మాత్రం ఈసారి పాత చీరలో వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాను.

ఎండ నడినెత్తికొచ్చాక ఏసోబన్న వెళ్లాడు. జీవితమంతా మోటారుపడవల మీద గడిపి చెవులు మందగించిన మనిషి. ఆయన నెమ్మదిగా మాట్లాడితే రెండు వరసల అవతలికి వినిపిస్తుంది. తలుపు వేసినా ఒకటే, తీసినా ఒకటే. పైగా యంత్రాన్ని కూడా గట్టిగా మాట్లాడమని కసిరాడు. వినకూడదని చెవులు మూసుకున్నవాళ్లకి కూడా వినపడింది.

“తులశమ్మ గురించి మీ అభిప్రాయం చెప్పండి.”

“అభిప్రాయమా? ఆవిడంత మొండిది ఈ నీళ్ల మీద ఇంకొకత్తి లేదు. రాసుకో! ఆవిడ బాతులు నా ఎండపలకల మీదెక్కి రెట్టలేసినయ్యి. కరెంటు రాక ఎన్నాళ్లు చీకట్లో కూకున్నానో నీకేం తెలుసు? ఇదేంటమ్మా అంటే, బాతులకేం తెలుసు అంది. ఒక్కసారి తప్పయిపోయిందని అన్లా! ఐదేళ్లు! ఇల్లు కొట్టుకుపోయింది గదా, బాతులు పోయినయ్యా? పోలా! అన్నీ ఇప్పుడు నా ఇంటి మీదే తిష్ట! వాటికి మేత ఎవరు పెడతన్నారనుకున్నావు?”

బయట మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బాజీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. విభావరి నా మోచెయ్యి పట్టుకుంది. తులశమ్మక్క మాత్రం కుండలో చూపు పెట్టుకుని పులుసు కలుపుతూనే ఉంది.

“ఆమె సహాయాన్ని తన గుప్పిట్లో పెట్టుకుందా?”

వాడ మొత్తం మీద పులుసు ఉడుకుతున్న చప్పుడొక్కటే.

“ఏందీ? మళ్లీ చెప్పు.”

“ఆమె సహాయాన్ని తన గుప్పిట్లో పెట్టుకుందా? మీకు తగ్గించి ఇచ్చిందా?”

“ఏం మాట్లాడతన్నావయ్యా? నీకేవఁన్నా బుద్ధుందా? ఆవిడ నాకు వడ్డించేటప్పుడు నా మొహం చూడదు. నేనూ చూడను. అయినా ఒక్క పూటన్నా ఒక ముక్క తగ్గలా. నామీద అంత కోపం పెట్టుకుని నాకే తగ్గించలేదంటే, ఇంకెవరికి తగ్గించిద్దయ్యా?”

“అయితే గరిటె ఆమె చేతిలోనే ఎందుకు ఉంది?”

“బయటి కొసన ఉంది గనక దెబ్బ ఆవిడ ఇంటికి తగిలింది. వచ్చే ఏడు ఆ వంతు నాది. ఈ గాలేదో ఏడాది ఆగి వచ్చుంటే పోయేది నా ఇల్లు. అప్పుడు ఆ గరిటె నా చేతిలో పెట్టి, వీళ్లంతా నా చుట్టూ తిరిగేవాళ్లు. ఆవిడ కూడా పళ్లెం పట్టుకుని నా ముందుకి రావాల్సి వచ్చేది. నేను తగ్గించేవాణ్ణా? ఆఁ? అందుకే చెప్తన్నా. ఆ గరిటె ఆవిడ దగ్గర తీసేస్తే ఈ వాడలో నేను ముద్ద ముట్టను. అది కూడా రాసుకో!”

తలుపు ధడాలున తెరుచుకుంది. ఏసోబన్న బయటికొచ్చి, మేమంతా నీళ్లు నిండిన కళ్లతో నిలబడి ఉండటం చూసి ఖంగు తిన్నాడు.

“ఏవైంది మీకందరికీ? పొగా?”

ఇంకా పదిమంది లోపలికి వెళ్లాలి. తులశమ్మక్క ఎవరినీ వెళ్లనివ్వలేదు. కూడు చల్లారిపోతోంది, ముందు తిని వెళ్లమంది. ఏసోబన్న పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఆవిడ వేసింది. ఆయన మొహం చూడలేదు. ఆయనా చూడలేదు. ముక్కలు మాత్రం మూడు పడ్డాయి. మాకందరికీ రెండేసి.

నమోదు 8. బుధవారం. నీళ్లు వచ్చాయి.

అల్లుడి తీర్పు నిన్న సాయంత్రం వచ్చింది. తేడా మాట ఒక్కటీ లేదు. తులశమ్మతో విరోధం ఉన్న మనిషి చెప్పిన సాక్ష్యం అన్నిటికన్నా నమ్మదగినదిగా ఎంచారు. ఎక్కువ నష్టపోయినవారే పంచే పద్ధతిని అల్లుడు కొత్తగా నేర్చుకున్నానన్నాడు. తరలింపు రద్దు. ఇవాళ పొద్దున్నే జల్లెడ దిగింది.

బాజీ బిగిస్తుంటే వాడంతా చుట్టూ మూగి ఊపిరాడనివ్వలేదు. గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత బురద, ఆ తర్వాత సన్నగా మంచినీళ్లు వచ్చాయి. మొదటి ముంత బాలింతకి పోయింది. రెండోది విభావరికి ఇచ్చాం, సగం తాగి మిగతావి తొట్లో పోయబోతే అందరం ఒక్కసారే కోప్పడ్డాం. ఏటిమొగ వాడ ఎక్కడికీ పోవడం లేదు. ఈ ముక్క నేను కావాలని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

విభావరి ఇంకొక సంగతి చెప్పింది. ఇకమీదట ఏ వాడకైనా సరుకు పంపేముందు అల్లుడు అక్కడివాళ్లని అడిగి పంపుతాడట, ఎవరు పంచాలో కూడా వాళ్లనే తేల్చుకోమంటాడట. కొత్తదిబ్బ వాడలో పిల్లలు పంచుతారట, అది వాళ్ల పద్ధతి. “మా అమ్మ బతికుంటే మీ వాడకి తీసుకొచ్చేదాన్ని” అంది విభావరి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ వచ్చింది పుచ్చుకోవడమే మాకు తెలిసిన పని. ఇవాళ మేం చెప్పింది విని ఇంకెక్కడి వాడలకో మేలు జరుగుతుందంటే, ఛాతీ ఉబ్బదా మరి? ఉబ్బింది. దాచుకోవడం దేనికి?

మధ్యాహ్నం గాలిబండి వచ్చింది. ఏమీ తేలేదు. ఖాళీగా వచ్చి, పొయ్యి దగ్గర మనిషి ఎత్తున ఆగింది.

“ఏం పంపాలో అడగడానికి వచ్చాను” అంది. “తులశమ్మ గారూ, ఎలా ఉన్నారు?”

తులశమ్మక్క గరిటె కుండ అంచుకి ఆనించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మా అందరి వంకా ఒకసారి చూసింది. ‘నాకేం తక్కువ నాయనా’ అన్న మాట ఆవిడ నాలిక చివరిదాకా రావడం నాకు కనిపించింది. అక్కా, అనకు అక్కా, అని లోపల్లోపల మొత్తుకున్నాను.

“బాగాలేను” అంది తులశమ్మక్క.

గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఇల్లు పోయింది నాయనా. పడుకుంటే ఎవరింట్లో ఉన్నానో తెలవట్లా. నాచుపలకలు కావాలి, మోకులు కావాలి. అవి పంపు. మనుషుల్ని పంపమాక. కట్టేవాళ్లు మాకున్నారు.”

“కట్టేవారి పేర్లు చెబుతారా?”

ఆవిడ నోరు తెరిచేలోగా వెనక నుంచి ఏసోబన్న గొంతు ఖంగుమంది, తన పేరు, ఇంటిపేరుతో సహా. ఆ వెంటనే బాజీ. ఆ వెంటనే నేను. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడానికి లేదు, వాడ వాడంతా ఎవరి పేరు వాళ్లు అరుస్తున్నారు, చంకలో పిల్లల పేర్లు కూడా కలిపి.

“దయచేసి ఒక్కొక్కరుగా చెప్పండి” అంది గాలిబండి.

ఎవరూ వినలేదు.